45 నిండుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

"ఈ వయసులో పుట్టినరోజేంటక్కా, ఎవరికీ గుర్తు చేయకు" అని మెసేజ్ పెట్టావు కదా. ఫోన్ చేసి చెబుదామంటే రెండో నిమిషంలోనే మీటింగ్ ఉందంటూ పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. ఓపిగ్గా చదువు. నీకంటే ముందు ఈ నలభైలు దాటినదాన్ని, వీటిలో ఏది పట్టించుకోవాలో, ఏది గాలికి వదిలేయాలో నాకు కాస్త తెలుసు.

పుట్టినరోజు చేసుకో. కానీ ఆ రోజు మాత్రం నీ జీవితానికి నువ్వే ఆడిట్ పెట్టుకోకు. ఇన్నేళ్లొచ్చాయి ఏం సాధించాను, నాతో చదివినవాడు ఎక్కడున్నాడు, నేనెక్కడున్నాను... నీకు ఇష్టం లేనిది పుట్టినరోజు కాదురా, ఈ లెక్కలు. వేయకుండా ఉండలేనంటే ఓ వారం ఆగి, బాగా నిద్రపోయి లేచిన రోజున వేసుకో, జవాబు వేరేగా వస్తుంది. నడివయసులో పట్టుకునే ఈ మిడ్‌లైఫ్ క్రైసిస్ గొడవంతా ఎలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు 1965లో రాసిన వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. ఆ తర్వాత ఇంకో 38 ఏళ్లు బతికాడు మహానుభావుడు!

ఎలా చేసుకోవాలంటావా, చిన్నగా చేసుకో. ఎవరొస్తే నీకు నిజంగా హాయిగా ఉంటుందో వాళ్లనే పిలువు, నలుగురైనా చాలు. మొహమాటానికి పిలిచేవాళ్ల కోసం ఇంకే రోజైనా ఉంది. సర్‌ప్రైజ్ పార్టీలు నీకు పడవని ఇంట్లో ముందే చెప్పు. చెప్పకుండా ఊరుకుని, పిల్లలు అన్నీ కష్టపడి అమర్చాక మొహం ముడుచుకుంటే వాళ్లేం కావాలి? గిఫ్ట్ ఏం కావాలని అడిగితే "ఏమీ వద్దు" అనే పాత పాట పాడకు, నాతో ఒక గంట నడవడానికి రండి అని అడుగు, వాళ్లకీ ఖర్చు లేదు. అలాగే ఏళ్లుగా మాట్లాడని స్నేహితుడు ఎవరైనా ఉంటే ఆ రోజు నువ్వే ఫోన్ చెయ్యి. ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో సంజాయిషీ ఇచ్చుకునే పని లేదు, ఇవాళ నా పుట్టినరోజు, నువ్వు గుర్తొచ్చావు అంటే సరిపోతుంది.

ఇక ఒంటి సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతా.

ఫోన్‌ని బారెడు దూరం పెట్టి చదువుతున్నావని మరదలు చెప్పింది. అది చత్వారం. కంట్లోని కటకం వయసుతో పాటు బిరుసెక్కి దగ్గరివాటి మీద చూపు నిలపలేకపోతుంది, నలభై దాటాక దాదాపు అందరికీ వచ్చేదే. అద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా తగ్గుతుందన్నది ఉత్త మాట. వెళ్లినప్పుడు కంటి ఒత్తిడి కూడా చూడమను, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా మొదట్లో ఏ బాధా చూపించదు.

బరువు గురించి అడిగితే "ఈ వయసులో మెటబాలిజం తగ్గిపోతుంది కదక్కా" అంటావు. తగ్గదు నాయనా. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, ఎనిమిది రోజుల పసిబిడ్డల నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా 6,400 మందికి పైగా చూశారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 దాకా మనిషి ఒళ్లు ఖర్చు చేసే శక్తి ఇంచుమించు ఒకేలా ఉందని తేలింది. తగ్గింది నీ కదలిక, నీ నిద్ర, నీ కండ. ముప్పై దాటినప్పటి నుంచి పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ కరుగుతుందంటారు, పట్టించుకోకపోతే. అందుకే ఉత్త నడకతో సరిపెట్టకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని. జిమ్‌కే వెళ్లక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, వీటితో మొదలుపెట్టు. మొదటి వారమే వీరత్వం చూపించి నడుం పట్టేయించుకోకు.

పరీక్షలు ఎలాగూ వాయిదా వేస్తావు కాబట్టి పుట్టినరోజు దాటిన వారంలో ఒక రోజు ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకో. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి ప్రశాంతంగా కూర్చో, అరగంట ముందు నుంచి కాఫీ వద్దు, చూస్తున్నంతసేపూ కబుర్లు వద్దు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 శాతం కంటే తక్కువుంటే సరే, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే వచ్చేసినట్టే, అయితే ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తకు, మళ్లీ చూసి గానీ తేల్చరు. నాన్నకు షుగర్ ఉందని డాక్టర్‌కు తప్పకుండా చెప్పు. కొలెస్ట్రాల్ సరేసరి. పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష నీకు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అడుగు, అడగడానికి సిగ్గెందుకు?

మరదలు సంగతి కూడా చూసుకో. నెలసరి ఆగడం మన దేశంలో సగటున 46-47 ఏళ్ల ప్రాంతంలో అయినా, మార్పులు అంతకు కొన్నేళ్ల ముందు నుంచే మొదలవుతాయి. నిద్ర పట్టదు, ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, ఊరికే కోపం వస్తుంది. దాన్ని గొడవగా తీసుకుని నువ్వో మాట అనకు, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లు. దానికి మందులున్నాయి, ఓర్చుకోవాల్సిన పనేం లేదు.

డబ్బు విషయంలో చెప్పేది ఒక్కటే. బ్యాంకు, ఇన్సూరెన్స్ కాగితాల్లో నామినీ పేర్లు ఇప్పటికీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, ఏది ఎక్కడుందో మరదలికి చెప్పు.

ఇక అమ్మానాన్నల ఆసుపత్రి పనులన్నీ నువ్వొక్కడివే మోస్తున్నావని తెలుసు. ఈ నెల నుంచి నాన్నవి నేను చూస్తా, అమ్మవి నువ్వు చూడు. ఎవరిని ఎప్పుడు తీసుకెళ్లాలో పట్టిక వేసి ఆదివారం పంపిస్తా, నీకు కుదరని తేదీలుంటే శనివారంలోగా చెప్పు.

మీ అక్క