రొమ్ముల సలుపు, కడుపు ఉబ్బరం.. డేట్ దగ్గర పడిందా, నెల తప్పిందా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మాది కావలి దగ్గర పల్లె. నాకు 25 ఏళ్లు, పెళ్లై ఎనిమిది నెలలు. రొయ్యల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. నెలసరి 30 నుంచి 34 రోజుల మధ్య వస్తుంది. కిందటిసారి తిరుమల ప్రయాణం కోసం మాత్రలు వేసుకుని వారం వాయిదా వేశాను. మాత్రలు ఆపాక డేట్ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఇవాళ్టికి 36 రోజులు. పది రోజులుగా రొమ్ములు సలుపుతున్నాయి. కడుపు ఉబ్బరం, నీరసం ఉన్నాయి. మూడు రోజుల క్రితం బట్టకు లేత గోధుమరంగు మరక అంటింది, మర్నాటికి లేదు. 29వ రోజున కిట్టుతో చూస్తే ఒక్క గీతే వచ్చింది. నిన్న సాయంత్రం మళ్లీ చూస్తే రెండో గీత ఉందా లేదా అన్నట్టుంది. మా ఆయన లేదన్నారు, మా వదిన సెల్‌ఫోన్ లైటు వేసి చూసి ఉందంది. చేపల పులుసు వాసనకు ముక్కు మూసుకున్నానని మా అత్త కడుపే అని తేల్చేసి చుట్టాలకు ఫోన్లు కూడా చేసింది. మా అమ్మేమో నువ్వులు, బెల్లం తిను, ఆగిన డేట్ వచ్చేస్తుంది అంటోంది. పొత్తికడుపులో అప్పుడప్పుడూ నొప్పి వస్తోంది. ఎప్పుడూ వేసుకునే నెలసరి నొప్పి మాత్ర వేసుకోవచ్చా? ఇది నెలసరి ఆలస్యమా, గర్భమా? టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఇంట్లో నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు. వారిలో మీ వదిన మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఒక షరతు ఉంది. ఆమె చూసిన గీత మూత్రం వేసిన ఐదు నిమిషాల్లోపు కనిపించి ఉండాలి, లేతగానైనా గులాబీ రంగులో ఉండాలి. ఎన్ని నిమిషాలకు చూశారో మీరు రాయలేదు, నాకు కావలసింది అదే. ఎల్లుండి పొద్దున మొదటి మూత్రంతో కొత్త కిట్టు మీద మళ్లీ చూడండి. అది తేలేదాకా నెలసరి నొప్పి మాత్ర వద్దు, కింద నేను చెప్పినవి తప్ప మెడికల్ షాపులో అడిగి ఇంకేదీ వేసుకోవద్దు.

ఇక సలుపు, ఉబ్బరం, నీరసం సంగతి. ఈ మూడింటిని బట్టి గర్భమో కాదో నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేరు. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన భాగం ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్‌ను తయారు చేస్తుంది. ఆ నెల గర్భం నిలిచినా నిలవకపోయినా ఇది తయారవుతుంది. రొమ్ములు బరువెక్కేది, పేగుల కదలిక మందగించి గ్యాస్, మలబద్ధకం వచ్చేది, పగలే నిద్ర ముంచుకొచ్చేది చాలావరకు దీనివల్లే. గర్భం రాకపోతే సుమారు రెండు వారాలకు ఈ హార్మోన్ పడిపోతుంది, గర్భసంచి లోపలి పొర ఊడి నెలసరిగా వచ్చేస్తుంది. గర్భం వస్తే, పిండం నుంచి వచ్చే హెచ్‌సీజీ అనే మరో హార్మోన్ దాన్ని పడిపోకుండా నిలబెడుతుంది. అంటే డేట్ దాటేదాకా రెండు సందర్భాల్లోనూ ఒంట్లో పనిచేసేది ఒకే హార్మోన్. లక్షణాలు ఒకేలా ఉండక ఎలా ఉంటాయి? ‘గర్భం తొలి పది లక్షణాలు’ అని ఫోన్లలో తిరిగే జాబితాల మీద నాకున్న కోపం ఇదే. ఒంగోలు వైపు నుంచి, పొదిలి, కనిగిరి నుంచి వచ్చే అమ్మాయిలు కూడా ఆ జాబితాకు టిక్కులు పెట్టుకుని వస్తారు. అందులో సగం ప్రతి నెలా డేట్‌కు ముందు వాళ్లకు ఉండేవే.

పైగా మీది చల్లటి గదిలో గంటల తరబడి నిలబడి చేసే పని. ఆ నీరసం అంతా గర్భం ఖాతాలో వేయలేం. రక్తం తక్కువగా ఉన్నా ఇలాగే ఉంటుంది. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి. గర్భం ఉన్నా లేకపోయినా అది పనికొచ్చే పరీక్షే.

తేడా తెలిసేది డేట్ దాటాకే. నెలసరి రాబోతుంటే రొమ్ముల సలుపు రక్తస్రావం మొదలైన ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. గర్భమైతే దిగదు, చాలామందికి పెరుగుతుంది. కొన్ని వారాలకు చనుమొనల చుట్టూ నలుపు కూడా ముదురుతుంది. వేవిళ్లు సాధారణంగా మొదలయ్యేది ఐదారు వారాలప్పుడు. ఈ వారాలను కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి. ఆ లెక్కన మీకిప్పుడు ఐదు వారాలు దాటాయి. కాబట్టి పులుసు వాసన పడకపోవడం గర్భం వల్ల కావచ్చు. రోజంతా రొయ్యల మధ్య పనిచేసి ఇంటికొచ్చిన మనిషికి మామిడికాయ ముక్కలేసిన నెల్లూరు పులుసు కూడా ఒక్కోసారి రుచించదు, అది వేరే సంగతి. మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం కూడా ఈ దశలో మొదలవుతుంది. మంట ఉంటే మాత్రం అది ఇన్‌ఫెక్షన్, గర్భ లక్షణం కాదు. తెల్లబట్టను బట్టి ఏదీ తేల్చలేం.

మరక సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పిండం గర్భసంచి గోడకు అతుక్కునే రోజుల్లో కొందరికి, అందరికీ కాదు, గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో కాస్త మరక పడుతుంది. ప్యాడ్ అవసరం ఉండదు. గడ్డలు ఉండవు. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. నెలసరి కూడా కొందరికి గోధుమ మరకతోనే మొదలవుతుంది గానీ, మర్నాటికి ఎరుపెక్కి ధార పెరుగుతుంది. మీది పెరగలేదు, ఆగిపోయింది. ఆ మరక గర్భం వైపే కాస్త మొగ్గు చూపుతోంది, అంతకుమించి దానికి విలువ ఇవ్వను. వాయిదా మాత్రలు, అత్యవసర గర్భనిరోధక మాత్ర వాడిన నెలల్లో కూడా ఇలాంటి మరకలు మామూలే.

29వ రోజున కిట్టులో ఒక్క గీతే ఎందుకొచ్చిందో చూద్దాం. అండం విడుదలయ్యేది నెల మధ్యలో అంటారు గానీ, అసలు లెక్క రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. మీ నెలసరి 30-34 రోజులకు వస్తుంది కాబట్టి మీకు అండం 16 నుంచి 20వ రోజు మధ్య విడుదలవుతుంది. ఆ తర్వాత పిండం అతుక్కోవడానికి 6 నుంచి 12 రోజులు పడుతుంది. హెచ్‌సీజీ తయారీ మొదలయ్యేది అప్పుడే. 20వ రోజున అండం విడుదలై ఉంటే 29వ రోజుకు పిండం అతుక్కునే ఉండదేమో, అతుక్కున్నా మూత్రంలో హార్మోన్ కిట్టుకు అందేంత ఉండదు. ఆ రోజు పరీక్ష తప్పు చెప్పలేదు, మీరే తొందరపడ్డారు. తొలి వారాల్లో హెచ్‌సీజీ రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. నిన్న లేతగా ఉన్న గీత నిజమైనదైతే ఎల్లుండికి ముదరాలి. రెండు రోజులు ఆగమన్నది అందుకే.

చూసే పద్ధతి ముఖ్యం. రాత్రంతా ఆగి పొద్దున్నే పోసిన మూత్రం చిక్కగా ఉంటుంది. సాయంత్రం, అదీ నీళ్లు బాగా తాగాక, పలచబడుతుంది. పొడి గిన్నెలో పట్టి, కవర్‌లో ఇచ్చిన డ్రాపర్‌తో కిట్టు మీద రాసినన్ని చుక్కలే, మామూలుగా మూడు, వేయండి. కిట్టును నేల మీద సమంగా పెట్టండి. కిట్టు మీద సీ (C), టీ (T) అని రెండు అక్షరాలుంటాయి. సీ దగ్గర గీత రాకపోతే ఆ కిట్టు పనిచేయలేదని అర్థం. సీ దగ్గర, టీ దగ్గర రెండు చోట్లా వస్తే గర్భం. టీ దగ్గరి గీత ఎంత లేతగా ఉన్నా గీతే, లేతగా వచ్చిందంటే గర్భం బలహీనమని కాదు. ఐదు నిమిషాలకు చూసి ఫొటో తీసుకుని కిట్టును పారేయండి. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూస్తే ఆరిపోయిన తడి బూడిదరంగు చారలా కనిపిస్తుంది. సెల్‌ఫోన్ లైట్లు, వాదనలు ఎక్కువగా దాని గురించే. కిట్టు కొనక్కర్లేదు కూడా, మీ ఊరి ఆశా కార్యకర్త దగ్గర ‘నిశ్చయ్’ కిట్టు ఉచితంగా దొరుకుతుంది. ఆమెకు చెబితే ఊరంతా తెలుస్తుందని భయమా? మీ అత్తగారు ఆ పని ఎలాగూ చేసేశారు.

వాయిదా మాత్రల గురించి. మాత్రలు ఆపాక వచ్చిన రక్తస్రావం మొదటి రోజు నుంచి లెక్కపెట్టారు, అది సరైన పని. చాలామంది క్యాలెండర్‌లో పాత డేట్ నుంచే లెక్కపెట్టి వారం తేడాతో కంగారు పడతారు. ఈ మాత్రలు మానేసిన రెండు మూడు రోజులకు నెలసరి రావాలి. ఎవరికైనా వారం దాటినా రాకపోతే ముందు గర్భ పరీక్ష చేసుకోవాలి. ఇవి గర్భనిరోధక మాత్రలు కావు, వాడుతున్న రోజుల్లో గర్భం రాదన్న హామీ లేదు. పెళ్లికనీ, రొట్టెల పండుగకనీ, తిరుమలకనీ ఏటా నాలుగైదుసార్లు షాపులో కొని వేసుకునేవాళ్లున్నారు. ఒకసారి వాడితే ప్రమాదం లేదు గానీ, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, మైగ్రేన్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వాడకూడదు.

నొప్పికి మీరు వేసుకునే మాత్రలో బహుశా మెఫెనమిక్ యాసిడ్ ఉంటుంది. షీట్ వెనక చదవండి. ఇది, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి గర్భం ఉండొచ్చన్న అనుమానం ఉన్న రోజుల్లో వద్దు. ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ 500 ఒకటి వేసుకోవచ్చు. ‘డేట్ వచ్చే మాత్ర’ అని షాపులో ఏదైనా ఇస్తే తీసుకోకండి. వాటిలో కొన్ని హార్మోన్ మాత్రలు, కొన్ని ఏకంగా గర్భస్రావం మాత్రలు. గర్భస్రావం మాత్రలు చట్టప్రకారం డాక్టర్ చీటీ మీద, తొమ్మిది వారాల లోపే వాడాల్సినవి. గర్భం ఎక్కడుందో తెలియకుండా మింగితే ప్రాణం మీదకు రావచ్చు.

నువ్వులు, బెల్లం తింటే డేట్ రాదు, ఉన్న గర్భం పోదు. మీ అమ్మగారు ప్రేమగా చేసిన నువ్వుండ నిశ్చింతగా తినండి. బాగా పండిన బొప్పాయి కూడా పరవాలేదు, పాలుకారే పచ్చికాయ మాత్రం వద్దు. మాత్ర ఏదైనా వేసుకోవాలని ఉంటే ఫోలిక్ యాసిడ్ ఇవాళే మొదలుపెట్టండి. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. పిల్లలు కావాలనుకునేవాళ్లు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి, ఎందుకంటే బిడ్డ వెన్నుపాము రూపుదిద్దుకునేది చాలామందికి నెల తప్పిన సంగతి ఇంకా తెలియని రోజుల్లోనే. షాపుల్లో ఎక్కువగా చేతికిచ్చే 5 మిల్లీగ్రాముల మాత్ర అందరికీ అవసరమైనది కాదు, అది ఎవరికి కావాలో డాక్టర్ చెబుతారు.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది ఆ పొత్తికడుపు నొప్పి. మధ్యలోనో రెండు వైపులానో లాగినట్టు వచ్చి పోతుంటే తొలివారాల్లో అది మామూలే. ఒకే పక్కన పొడిచినట్టు నొప్పి, దానితో పాటు మరక, కళ్లు తిరగడం, భుజం చివర నొప్పి, వీటిలో ఏది తోడైనా ఎల్లుండి కిట్టు కోసం ఆగొద్దు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచి ఉండొచ్చు. నూటికి ఒకరిద్దరికి ఇలా జరుగుతుంది. ట్యూబు చిట్లితే కడుపు లోపలే రక్తం పోతుంది, బయటికి కనిపించేది కొంచెమే. ‘డేట్ వచ్చిందిలే, ఈసారి తక్కువ పడింది’ అనుకుని ఇంట్లో పడుకునేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు. వెంటనే 108కి ఫోన్ చేసి కావలి ఏరియా ఆసుపత్రికి గానీ, నెల్లూరు పెద్దాసుపత్రికి గానీ వెళ్లండి, రాత్రయినా సరే. ప్యాడ్ గంటకొకటి తడిసిపోయేంత రక్తం పోయినా అంతే.

ఎల్లుండి కూడా ఒక్క గీతే వచ్చి, డేట్ రాకపోతే వారం ఆగి మరోసారి చూడండి. అప్పుడూ లేకపోతే ఈ నెల అండం ఆలస్యంగా విడుదలై ఉంటుంది. మాత్రలు వాడిన తర్వాతి నెలలో అది వింతేం కాదు. రెండు నెలలు ఇలాగే గాడి తప్పితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగలు) పరీక్షలు చేద్దాం. గీత ముందు కనిపించి, వారంలోపే మామూలు నెలసరిలా అయిపోతే, గర్భం నిలిచి తొలి రోజుల్లోనే జారిపోయిందని అర్థం. అది మీరు చేసిన పని వల్లో, మోసిన బరువు వల్లో జరగదు, ఎక్కువగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల జరుగుతుంది. అత్తగారికి కూడా ఈ మాట చదివి వినిపించండి.

రెండు గీతలు స్పష్టంగా వస్తే మీ ఊరి ప్రభుత్వ నర్సు (ఏఎన్ఎం) దగ్గర పేరు నమోదు చేయించుకోండి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్ష ఉంటుంది. మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే మొదటి రోజే చెప్పండి. మర్నాడే స్కానింగ్‌కు పరుగెత్తొద్దు. ఐదో వారంలో సంచి మాత్రమే కనిపిస్తుంది, గుండె చప్పుడు లేదని అనవసరంగా ఏడుస్తారు. నొప్పి, రక్తస్రావం లేకపోతే ఏడు వారాలు నిండాక చేయించుకోవచ్చు. వచ్చేటప్పుడు డేట్ వచ్చిన రోజు రాసిన కాగితం, వాయిదా మాత్రల షీట్ వెంట తెచ్చుకోండి.

- గైనకాలజిస్ట్, నెల్లూరు