కాశీమేడు సునామీ వీఆర్ శిక్షణ: కళ్లు తిరగడానికి పరిష్కారం

చెన్నైలోని కాశీమేడు మత్స్యకారులకు సునామీ వస్తే ఏం చేయాలో నేర్పే మీ వీఆర్ (కంప్యూటర్ గీసిన దృశ్యం చుట్టూ ఉన్నట్టు చూపే) శిక్షణలో, హెడ్‌సెట్ పెట్టిన కాసేపటికే పెద్దవాళ్లకు కళ్లు తిరుగుతున్నాయన్నారు కదండీ, కారణం చాలావరకు దృశ్యంలోని నడకే. మనిషి కుర్చీలో ఉంటే దృశ్యం పరుగెడుతోంది. కంటికీ లోపలి చెవికీ పొంతన కుదరదు. జాయ్‌స్టిక్ నడక తీసేసి టెలిపోర్ట్ (చూపించిన చోటికి ఒక్కసారిగా చేరడం) పెట్టండి, మలుపు కూడా మెల్లగా తిరగకుండా ఒక్కోసారి 30 డిగ్రీలు. 72 హెర్ట్జ్ తెర (సెకనుకు 72 సార్లు బొమ్మ మార్చేది) అయితే ఫ్రేములు, అంటే కంప్యూటర్ గీసే బొమ్మలు, సెకనుకు 72కి తగ్గకూడదు. పారదర్శకమైన నీటిని గీయడమే ఆ ఫ్రేముల వేగాన్ని ఎక్కువగా తగ్గించేస్తుంది. బురదరంగులో, అవతల కనబడకుండా గీయండి. అసలు సునామీ నీరూ అలాగే ఉంటుంది లెండి. ఒక్కొక్కరికి 5 నిమిషాలు చాలు. ఎండలో మాత్రం వద్దు, లెన్సులోంచి ఎండ పడితే హెడ్‌సెట్ తెర మాడిపోతుంది.

అల మీదపడే సీను నా లెక్కలో దండగ. 2004లో భూకంపం తర్వాత చెన్నైకి అల రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. ఆ వ్యవధిలో ఎటు నడవాలో, మొదటి అల తగ్గగానే వలల కోసం ఎందుకు వెనక్కి రాకూడదో చూపించండి.