ప్రాచీన క్షీరదాల గురించి టీవీ డాక్యుమెంటరీల్లో చూపేదంతా నిజమేనా?

నేను హైదరాబాదులో ఒక యానిమేషన్ స్టూడియోలో జంతువుల కదలికల మీద పనిచేస్తుంటాను కాబట్టి, మీరు అడిగిన ‘వాకింగ్ విత్ బీస్ట్స్’ను ఆ పని తెలిసినవాడిగానే చూస్తాను. 2001లో బీబీసీ ప్రసారం చేసిన ఆ ఆరు భాగాల ధారావాహికలో కంప్యూటర్ బొమ్మల పని లండన్‌లోని ఫ్రేమ్‌స్టోర్ అనే సంస్థ చేసింది. అందులోని జంతువులన్నింటికీ ఏదో ఒక ఆధారం ఉంది గానీ, ఒకదానికి ఉన్నంత ఆధారం మరొకదానికి లేదు. వ్యాఖ్యాత మాత్రం అన్నింటి గురించీ ఒకే ధీమాతో చెప్పుకుంటూ పోతాడు. నా దృష్టిలో చిక్కంతా అక్కడే ఉంది.

ఆఖరి భాగంలోని ఉన్ని మామత్ విషయంలో పెద్దగా అనుమానించనవసరం లేదు. సైబీరియా మంచునేలలో చర్మం, వెంట్రుకలతో సహా దాని కళేబరాలు దొరికాయి కాబట్టి ఆ చిన్న చెవులు, ఒత్తైన బొచ్చు ఊహలు కావు. దగ్గరి బంధువైన ఏనుగు ఇప్పటికీ మన మధ్యే ఉంది కాబట్టి నడకకూ నమూనా దొరుకుతుంది. అయితే నమూనా ఉన్నంత మాత్రాన పని తేలికైపోదని ఏనుగు నడక చేసినవారందరికీ తెలుసు: ఎంత వేగంగా వెళ్లినా దాని నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదలవు, బరువు పడగానే పాదం కొద్దిగా వెడల్పవుతుంది, అడుగు వేసినప్పుడల్లా చర్మం కింద భుజం రెక్క ఎముక జారుతుంది. వీటిలో ఏది తప్పినా అంత పెద్ద జంతువూ గాలిలో తేలుతున్నట్టే కనిపిస్తుంది.

రెండో భాగంలో కనిపించే ఆండ్రూసార్కస్ అనే భారీ క్షీరదం సంగతి వేరు. దానికి ముఖ్యమైన ఆధారం 1923లో ఇన్నర్ మంగోలియాలో దొరికిన, సుమారు 83 సెంటీమీటర్ల పొడవున్న ఒక పుర్రె మాత్రమే; దానికి కింది దవడ కూడా లేదు. కాళ్లు, తోక, నడుము అన్నీ మెసోనిచిడ్లనే, గిట్టలున్న తోడేళ్లలాంటి ప్రాచీన జంతువుల నుంచి అరువు తెచ్చినవి. తర్వాతి పరిశోధకులు దాన్ని పందిలాంటి ఎంటెలోడాంట్లకు దగ్గరి బంధువుగా భావిస్తున్నారు కాబట్టి, ఈ రోజు ఎవరైనా మళ్లీ ఆ బొమ్మ చేస్తే దేహం చాలావరకు మారిపోతుంది. ఇలాంటి చోట యానిమేటర్‌ను తప్పుపట్టలేం. ఏదో ఒక దేహం ఇవ్వకుండా పుర్రెను నడిపించలేడు కదా!

నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించింది మొదటి భాగంలోని లెప్టిక్టిడియం అనే చిన్న క్షీరదం. జర్మనీలోని మెస్సెల్ గని శిలాజాల్లో దాని బొచ్చు ఆనవాళ్లు, కడుపులోని ఆహారం కూడా నిలిచి ఉన్నాయి. అయినా అది కంగారూలా గెంతిందా, రెండు కాళ్ల మీద పరుగెత్తిందా అన్నది ఎముకలను బట్టి తేలలేదు. ధారావాహిక గెంతడాన్నే ఎంచుకుంది; చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ అది ఎంపిక అన్న మాట ఎక్కడా వినిపించదు. అదే భాగంలో కనిపించే ఆంబులోసెటస్ అనే నడిచే తిమింగలం ఎముకలైతే పాకిస్తాన్‌లో దొరికాయి, ఆ భాగం కథ జరిగే జర్మనీలో కాదు. క్షీరదం కాకపోయినా గాస్టోర్నిస్ పక్షి మాటా చెప్పాలి: అందులో భయంకరమైన వేటగాడిగా చూపిన ఆ పక్షి శాకాహారి అని తర్వాత జరిగిన ఎముకల రసాయన పరీక్షలు సూచించాయి.

మీ పిల్లలకు చూపించాలనుకుంటే, దానితోపాటు వచ్చిన ‘ట్రయంఫ్ ఆఫ్ ది బీస్ట్స్’, ‘ది బీస్ట్స్ వితిన్’ అనే అనుబంధ కార్యక్రమాలను కూడా చూపించండి.