మాట్లాడే పుస్తకాల రికార్డులు ఎలా అచ్చయ్యేవి?

ప్రశ్న: సార్, మా తాతకు చూపు పోయింది, ఫోన్‌లో పుస్తకాలు వింటాడు. ఇవి ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డుల మీద వచ్చేవంట కదా, ఎలా తయారు చేసేవాళ్లు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నిజమే. 1934లో అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు గ్రంథాలయం) అంధులకు ఇలాంటి రికార్డులు పంపడం మొదలుపెట్టింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే మామూలు రికార్డు ఒక పక్క నాలుగైదు నిమిషాలకే అయిపోయేది, వీటిని నిమిషానికి 33⅓ చుట్లకు తగ్గించి గాడులు దగ్గర దగ్గరగా చెక్కడంతో ఒక పక్కే పావుగంట చదువు పట్టింది. అయినా పది గంటల నవలకు 20 రికార్డులు!

చదివేవారి గొంతుకు కదిలే సూది మెత్తటి మైనపు పళ్లెం మీద గాడి చెక్కేది. దానికి కరెంటు పట్టే పూత వేసి, లోహపు ద్రావణంలో ముంచి, పైన లోహం పేరుకున్నాక ఊడదీస్తే గాడులున్న చోట గట్లుండే అచ్చు వస్తుంది. దాన్నుంచి ఇంకో రెండు తరాల అచ్చులు తీసి, చివరివాటిని ప్రెస్‌లో పైనొకటి కిందొకటి బిగించి, మధ్యలో వినైల్ అనే ప్లాస్టిక్ వేడి ముద్ద పెట్టి ఆవిరి వేడితో నొక్కుతారు, వెంటనే చన్నీళ్లతో చల్లార్చి అంచులు కోస్తారు. లేబుల్ కూడా ఆ నొక్కుడులోనే అంటుకుంటుంది, జిగురు అక్కర్లేదు.

అప్పటి మామూలు రికార్డులు లక్కవి, కింద పడితే ముక్కలే. ఇవి పోస్టులో ఊరూరా తిరగాలి కాబట్టి వినైల్ వైపు వెళ్లారు, నాకైతే ఇదే అన్నిటికన్నా మంచి ఆలోచన అనిపిస్తుంది. మీ దగ్గర పాత రికార్డులేవైనా ఉంటే మన కడప ఎండలో మాత్రం పెట్టొద్దు, వంకర పోతాయి.