పంటు మీద పావుగంట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల, జీవితంలో సరదా అనేది లేకుండా పోయిందండీ అని. వాటిలోంచి నాలుగు ఏరాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రం వేస్తున్నాను.

ప్రశ్న (రామచంద్రపురం): రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. 44 ఏళ్లు. ఇద్దరు ఆడపిల్లల చదువులు నడుస్తున్నాయి. నాతో చదువుకున్నవాళ్లు లడఖ్ అనీ బాలీ అనీ ఫొటోలు పెడుతుంటే వాట్సాప్ స్టేటస్‌లు చూడడమే మానేశాను. నేనెప్పుడు తిరుగుతానండీ?

జవాబు: వచ్చే ఆదివారం. వేళాకోళం కాదు. పొద్దున్నే బండి తీసి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్లండి, రేవులో పంటు, అదే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదారి గౌతమి పాయ దాటి ముక్తేశ్వరంలో దిగండి. కోటిపల్లి నేను వందసార్లు వెళ్లాను అంటారు. వెళ్లే ఉంటారు, పెళ్లికో, కర్మకో, బాకీ వసూలుకో. ఏ పనీ లేకుండా ఒక్కసారైనా వెళ్లారా?

నేను మొన్న చలికాలంలో అలా వెళ్లాను. నా పక్కన ఒకాయన సైకిలుకి రెండు పక్కలా అరటి గెలలు కట్టుకుని నిలబడ్డాడు. "ఏ ఊరండీ, ఎవరి తాలూకా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే తన కొబ్బరితోట సంగతి ఎత్తుకున్నాడు. దింపు కూలి ఎంతకి పోయిందో, కాయ ధర ఎంతకి పడిందో, అల్లుడు తోట అమ్మేయమని ఎలా నస పెడుతున్నాడో, అన్నీ కష్టాలే గానీ ఆయన చెప్పే తీరుకి నాకు నవ్వాగలేదు, ఆయనా నవ్వేశాడు. అవతలి రేవు దగ్గరపడ్డాక ఇంజన్ జోరు తగ్గించారు. అప్పటిదాకా ఆ డబడబల్లో వినపడని నీళ్ల చప్పుడు ఒక్కసారిగా వినపడింది. పంటు మీద అందరూ, ఆయనతో సహా, కాసేపు మాట్లాడడం ఆపేశారు. ఎందుకో తెలీదు. తర్వాత బళ్లన్నీ ఒకేసారి స్టార్ట్ చేశారు, ఆ ముచ్చట అక్కడితో అయిపోయింది.

లడఖ్ వెళ్లినవాళ్లని తక్కువ చేయడం లేదండోయ్, డబ్బుంటే నేనూ వెళ్తాను. కానీ దాని కోసం ఉన్న ఆదివారాలన్నీ ఎండగట్టుకోవడం ఎందుకు? ముక్తేశ్వరంలో దిగితే అయినవిల్లి వినాయకుడు దగ్గరే. ఇంకో ఆదివారం సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు ఎక్కండి, అది వసిష్ఠ మీద. ధవళేశ్వరం దగ్గర చీలిన ఒకే గోదారి గానీ, రెండు పాయలూ చూపుకి ఒక్కలా ఉండవు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, జూలై ఆగస్టుల్లో అయితే కనుక్కుని బయల్దేరండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. ఫోన్లు లోపల పెట్టమని మాత్రం అనకండి, అన్నారంటే రోజంతా దాని మీదే గొడవ.

ప్రశ్న (పాలకొల్లు): 52 ఏళ్లు వచ్చాక పాట నేర్చుకుంటున్నాను. రోజూ సరళీ వరసలే. ఇప్పుడు నేర్చుకుని కచేరీలిస్తావా అని ఇంట్లో నవ్వుతున్నారు.

జవాబు: ఇవ్వరమ్మా, ఇవ్వక్కర్లేకపోవడమే మీ అదృష్టం. మీకు గోదారి అవతల శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్లకే కచేరీ చేశారు. మీకు ఆ టెన్షన్ లేదు కదా!

సరళీ వరసలు విసుగనుకోకండి. ఆ వరసలు పాడే మాయామాళవగౌళ రాగంలో స రి గ మ మధ్య మెట్లు ఎంతెంత ఎడంగా ఉంటాయో, ప ద ని స మధ్య కూడా సరిగ్గా అంతే ఉంటాయి. కింది నాలుగూ గొంతుకి పట్టుబడితే పై నాలుగూ సగం వచ్చేసినట్టే. ఇది నాకు మేష్టారు చెప్పలేదు. ఓ రోజు పప్పు ఉడుకుతుంటే వంటింట్లో పాడుకుంటూ నాకు నేనే కనిపెట్టి, ఏదో దేశం కనుక్కున్నట్టు అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఫోన్లో శ్రుతి పెట్టుకుని ముందు "స" ఒక్కటీ ఊపిరున్నంతసేపు నిలపండి, గొంతు దాంట్లో కలిసిపోయిన క్షణం మీకే తెలుస్తుంది. నవ్వేవాళ్లకి అది వినపడదు లెండి.

ప్రశ్న (భీమవరం): చిన్ననాటి స్నేహితుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఫోన్ చేస్తే "ఏంటి, ఏమన్నా పనా?" అంటాడు. మనసు చివుక్కుమంటోంది.

జవాబు: "ఏం లేదురా, పులిహోర తిన్నాను, నువ్వు గుర్తొచ్చావు" అనండి. నాలుగు వారాలు వరసగా అలాగే చేయండి. ఐదో వారం చేయకండి. వాడే చేస్తాడు.

ప్రశ్న (అమలాపురం): 38 ఏళ్లు. కాలవ గట్టు మీద పరిగెత్తడం మొదలెట్టి మూడు నెలలైంది. మొదట్లో హాయిగా ఉండేది. వాచీ కొన్నాక రోజూ స్పీడు చూసుకోవడమే సరిపోతోంది, పైగా ఏప్రిల్ వచ్చేసరికి ఆ స్పీడూ తగ్గింది. మానేద్దామనిపిస్తోంది. కుక్కల బెడద ఒకటి.

జవాబు: వాచీ మానేయండి, పరుగు కాదు. నేనూ పది కిలోమీటర్ల అంకె కోసం పంతానికి పోయి, మోకాలి కింద ఎముక నొప్పితో నెల్లాళ్లు మంచానికి అతుక్కుపోయాను. ఆ నెలలో నాకు గుర్తొచ్చింది అంకె కాదు, ఆరింటికి గట్టు మీద వచ్చే కళ్లాపి వాసన.

ఏప్రిల్లో స్పీడు తగ్గడం మీ తప్పు కాదు. ఒంటికి చల్లదనం ఇచ్చేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. మన వైపు గాల్లో తడి ఎక్కువ, చెమట ఆరదు, కారిపోతుంది. అందుకే అదే స్పీడుకి గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవాల్సి వస్తుంది. కొలత కావాలంటే మాటే కొలత. పరిగెడుతూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ స్పీడు చాలు, లేకపోతే తగ్గించండి, మధ్యలో నడవండి. పక్కవాడు లేకపోతే ఓ స్నేహితుణ్ణి లాక్కురండి. చెవుల్లో పాటలు పెట్టుకుంటే ఒక చెవికే పెట్టుకోండి, గట్టు మీద ట్రాక్టర్లు చెప్పి రావు.

ఇంకో మాట, ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు గట్టు బోసిపోతుందని ఇంట్లో కూర్చోకండి. నీళ్లు తీసేశాక మడుగుల్లో పిల్లలు మోకాలి లోతు బురదలో చేపలు తడుముతుంటారు. పోయినేడు ఓ బుడ్డోడు కొర్రమీనుని పట్టి, అది జారిపోతుంటే చొక్కా విప్పి దాని మీద పడ్డాడు. నేను అక్కడే పది నిమిషాలు నిలబడిపోయాను, ఆ రోజు స్పీడు ఎంతొచ్చిందో మరి చూసుకోలేదు.

కుక్క వెంటపడితే పరిగెత్తకండి. ఆగి, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా నడిచి వెళ్లండి. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి, చిన్న గీతే కదా అని వదిలేయకండి.

మా గట్టు మీద గోధుమరంగుది ఒకటుంది. మొదట్లో తరిమేది. ఇప్పుడు లాకుల దాకా నాతోపాటే వచ్చి, అక్కడ టీ బడ్డీ ముందు కూర్చుంటుంది. నాకు టీ, దానికి బన్ను ముక్క. నిన్న నేను వెళ్లేసరికి ఆలస్యమైంది, ఎవరో ముందే పెట్టేసినట్టున్నారు, నన్ను చూసి తోక ఊపింది గానీ లేవలేదు.