లీటరు ధర చూసి రంగు ఎంచుకోకండి

ప్రశ్న: సంక్రాంతికి మా పడకగదికి లేత ఆకుపచ్చ వేయిద్దామనుకుంటున్నాం. నచ్చిన రెండు షేడ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒకటి లీటరు 240 రూపాయలు, రెండోది 450. గది 12 అడుగుల చదరం, ఎత్తు 10 అడుగులు. చవకది కొంటే డబ్బు మిగులుతుందా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, లేత షేడ్లన్నీ తెల్ల బేస్‌లో కొద్దిగా రంగు కలిపి చేసేవే. ఆ కలిపే రంగుకి ఇంత తేడా రాదు. మీరు చూసినవి రెండు వేర్వేరు రకాల ఎమల్షన్లు (నీళ్లు కలిపి గోడలకి వేసే పెయింట్లు) అయి ఉంటాయి. అందుకని గోడలకి మొత్తం ఎంతవుతుందో లెక్కేద్దాం.

నాలుగు గోడలూ కలిపి 480 చదరపు అడుగులు. తలుపు, కిటికీలు తీసేస్తే 430 అనుకోండి. రెండు కోటింగులకు చవక రకం లీటరుకు 65 అడుగులే వస్తే 7 లీటర్లు కొనాలి, 1,680 రూపాయలు. రెండోది 130 అడుగులు వస్తే 4 లీటర్లు చాలు, 1,800. అంటే మీకు మిగిలేది 120 రూపాయలు! ఈ 65, 130 నేను ఉదాహరణకి వేసుకున్నవి. డబ్బాల మీద ఉన్న అంకెలతో మీరే ఒకసారి చూసుకోండి. తేడా ఇలాగే తేలితే ఖరీదైనదే తీసుకోమంటాను. మరకలు తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, ఎక్కువ ఏళ్లు ఆగుతుంది. పెయింటర్ కూలి ఎలాగూ రెండింటికీ ఒకటే, త్వరగా వెలిసిపోతే ఆ కూలి మళ్లీ ఇచ్చుకోవాలి.

చవక రకంలోని షేడే ఎక్కువ నచ్చిందా? అదే కంపెనీ మంచి ఎమల్షన్‌లో ఆ షేడ్ కలిపి ఇవ్వగలరేమో షాపులో అడగండి.

ఇక రంగు సంగతి. కలిపిన పెయింట్‌ని షాపువాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు. కాబట్టి ముందు రెండింటివీ చిన్న శాంపిల్ డబ్బాలు తెచ్చి, గోడ మీద రెండడుగుల మేర వేసి, పొద్దున ఎండలోనూ రాత్రి లైటు కిందా చూడండి. లేత పచ్చ తెల్ల లైటులో ఒకలా, పసుపు లైటులో ఇంకోలా కనిపిస్తుంది. షేడ్ కార్డు మీద కంటే గోడంతా వేశాక కాస్త ముదురుగానూ అనిపిస్తుంది. ఎటూ తేలకపోతే ఇంకా లేతదానికే వెళ్లండి.

మన దగ్గర అక్టోబరు, నవంబరు తుఫాను వానలకి గోడలు చెమ్మ పట్టేస్తాయి. చెమ్మ ఆరకుండా వేస్తే ఎంత ఖరీదు పెయింటైనా పొక్కులొచ్చి ఊడిపోతుంది, పెట్టిన డబ్బంతా దండగ. కిటికీ కింద, బాత్రూం పక్క గోడ పెయింటర్‌కి తప్పకుండా చూపించండి. లీకేజీ ఉంటే ముందు దానికే ఖర్చు పెట్టండి, రంగు పండగ తర్వాత వేయించుకున్నా ఫరవాలేదు.