బ్రిటన్ ప్రయాణం: వీసా ఇచ్చే హక్కులు, ఇవ్వని హామీలు

ప్రశ్న: నమస్కారమండీ. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 36. బ్రిటన్‌లోని ఒక కంపెనీ మూడేళ్లకు స్కిల్డ్ వర్కర్ వీసా ఇప్పించి ఉద్యోగంలోకి తీసుకుంటామంటోంది. వీసాకు కావలసిన కనీస జీతం కంటే ఎక్కువే ఇస్తున్నారు. నా భార్య, ఏడేళ్ల పాప కూడా వస్తారు. ఐదేళ్లు ఉంటే పీఆర్ (శాశ్వత నివాసం) వస్తుందని కొందరు, ఆ రూలు మారుతోంది కనుక వెళ్లడం దండగని మరికొందరు అంటున్నారు. అక్కడ వైద్యం, చదువు ఉచితమని ఒకరు చెబితే, ‘ప్రభుత్వ నిధులు వాడుకోరాదు’ అనే షరతు ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి వెళ్లినా వీసా చిక్కుల్లో పడుతుందని ఇంకొకరు భయపెట్టారు. ఏది నమ్మాలి? ఇక్కడి ఉద్యోగం వదులుకుని వెళ్లవచ్చునా?

జవాబు: ముందుగా ఆసుపత్రి సంగతి తేల్చుకుందాం. ఈ ఒక్క అపోహ వల్ల, ఒంట్లో బాగా లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లకుండా వెంట తెచ్చుకున్న మాత్రలతో నెట్టుకొచ్చేవారు ఉన్నారు. మీ వీసా షరతులోని ‘ప్రభుత్వ నిధులు’ అన్న మాటకు అక్కడి చట్టంలో కచ్చితమైన అర్థం ఉంది. 1999 నాటి ఇమిగ్రేషన్ అండ్ అసైలం చట్టంలోని 115వ సెక్షన్, దానితో పాటు వలస నిబంధనలు ఏయే పథకాలు దాని కిందికి వస్తాయో పేరుపేరునా చెప్పాయి. ఆదాయం లేనివారికి, తక్కువున్నవారికి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్, పిల్లల పెంపకానికి ఇచ్చే చైల్డ్ బెనిఫిట్, అద్దె కట్టుకోవడానికి ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) కేటాయించే ఇళ్లు వంటివి అందులో ఉన్నాయి. వీటికి మీరు దరఖాస్తు చేయకూడదు. తెలియక చేసినా తర్వాతి వీసాకు ఇబ్బంది రావచ్చు. జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, ప్రభుత్వ పాఠశాల మాత్రం ఆ జాబితాలో లేవు. ప్రసూతి సెలవు కాలంలో యజమాని చట్టప్రకారం ఇవ్వవలసిన వేతనం కూడా అందులోకి రాదు.

కాబట్టి అక్కడ దిగిన మొదటి వారాల్లోనే, అందరూ ఆరోగ్యంగా ఉండగానే, ఇంటికి దగ్గరలోని జీపీ సర్జరీలో, అంటే మామూలు జబ్బులకు ముందుగా చూసే డాక్టరు క్లినిక్‌లో, ముగ్గురి పేర్లూ నమోదు చేయించండి. ఇంగ్లండ్‌లో దీనికి వీసా రుజువు గానీ చిరునామా రుజువు గానీ తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో అడగవచ్చు, కానీ అవి చూపలేదన్న కారణంతో నమోదును నిరాకరించకూడదని ఎన్‌హెచ్‌ఎస్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. పెద్దాసుపత్రిలో నిపుణుడిని చూడాలంటే సాధారణంగా జీపీ రాసిన సిఫారసుతోనే వెళ్లాలి కనుక, ఈ నమోదు చేయించుకోనివారు అవసరం వచ్చినప్పుడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

ఇక వైద్యం ఉచితమన్న మాట. దీన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే మీరు దాని వెల ముందుగానే కట్టి వెళ్తారు. ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి అనే ఈ రుసుము 2015లో మొదలైనప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి 6 నుంచి అది పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్లలోపు పిల్లలకు 776 పౌండ్లు అయింది. ఈ లెక్కన మూడేళ్ల వీసాకు మీ దంపతులిద్దరికీ 6,210, పాపకు 2,328, మొత్తం 8,538 పౌండ్లు అవుతుంది. ఇదంతా దరఖాస్తు చేసేటప్పుడే, ఒకే విడతలో కట్టాలి. వీసా రుసుములు దీనికి అదనం. వీసా నిరాకరిస్తే ఈ సర్‌చార్జి తిరిగి ఇస్తారు గానీ, వీసా వచ్చాక మీరు ఏడాదికే ఉద్యోగం పోయి తిరిగి రావలసి వస్తే మిగతా రెండేళ్ల మొత్తం వెనక్కి రాదు. ఈ మొత్తంలో కంపెనీ ఎంత భరిస్తుందో ఆఫర్ ఒప్పుకోకముందే రాతపూర్వకంగా అడగండి. కొన్ని కంపెనీలు ఉద్యోగి ఒక్కడిదే కడతాయి, కుటుంబానిది కట్టవు.

అంత కట్టినా నిరీక్షణ తప్పదు. అత్యవసరం కాని చికిత్స 18 వారాల్లో మొదలవ్వాలని ఇంగ్లండ్‌లో ఒక ప్రమాణం పెట్టుకున్నారు. 92 శాతం మందికి అది నెరవేరాలన్న లక్ష్యాన్ని 2016 తర్వాత ఏళ్ల తరబడి అందుకోలేకపోయారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చూసే తీరు వేరు, మోకాలి నొప్పికి చూసే తీరు వేరు అని మనసులో పెట్టుకుని వెళ్లండి. పాప చదువుకు ఫీజు ఉండదు. అయితే సీటు కేటాయింపు స్థానిక కౌన్సిల్ ద్వారా జరుగుతుంది, విద్యా సంవత్సరం మధ్యలో వెళ్తే ఇంటి పక్క బడిలో ఖాళీ ఉంటుందన్న నమ్మకం లేదు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఆ ప్రాంతపు కౌన్సిల్‌కు ఫోన్ చేసి, ఆమె తరగతిలో ఏయే బడుల్లో ఖాళీలు ఉన్నాయో కనుక్కోవడం మంచిది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మీరు పీఆర్ అంటున్నదాన్ని అక్కడ ఐఎల్‌ఆర్, అంటే కాలపరిమితి లేని నివాస అనుమతి అంటారు. స్కిల్డ్ వర్కర్లు ఐదేళ్ల తర్వాత దానికి దరఖాస్తు చేసుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2025 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం ఈ గడువును సాధారణంగా పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. అదే ఏడాది నవంబరులో ప్రజాభిప్రాయానికి పెట్టిన వివరాల ప్రకారం, ఎక్కువ ఆదాయం ఉన్నవారికి గడువు తగ్గుతుంది, ప్రభుత్వ సాయం తీసుకున్నవారికి పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది, ఇప్పటికే అక్కడ ఉండి ఇంకా ఐఎల్‌ఆర్ పొందనివారికి కూడా దీన్ని వర్తింపజేయాలన్నది ఆ ప్రతిపాదన.

ఇలా జరగడం ఇదే మొదటిసారి కాదు. 2006 ఏప్రిల్‌లో ఈ గడువును నాలుగేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచినప్పుడు, అప్పటికే అక్కడ పనిచేస్తున్నవారికి కూడా అమలు చేశారు. నిపుణుల కోసం అప్పట్లో ఉన్న హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్ అనే వీసా పథకం కింద వెళ్లినవారు కోర్టుకెక్కారు. 2009లో హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ గెలుపును చూపించి ధైర్యం చెప్పేవారు మీకు ఎదురుకావచ్చు. కానీ ఆ తీర్పు ఆ ఒక్క పథకంలోని వారికే, అదీ పథకం పెట్టినప్పుడు ప్రభుత్వం వారికి చెప్పిన మాటల ఆధారంగా వచ్చింది. తీర్పు వచ్చేసరికి నిబంధన మారి మూడేళ్లయింది. మీ వీసా పత్రంలో మాత్రం మూడేళ్లు ఉండి పనిచేసుకోవచ్చునని ఉంటుంది తప్ప, ఆ తర్వాతి సంగతి ఒక్క అక్షరం కూడా ఉండదు.

అందుకే నా సలహా ఇది. ఐఎల్‌ఆర్‌ను లెక్కలోంచి పూర్తిగా తీసేసి, ఆ మూడేళ్ల జీతం, అనుభవం, పాప చదువు, వీటికోసమే అయినా వెళ్లాలనిపిస్తుందా అని మీ భార్యతో కూర్చుని ఆలోచించండి. అవుననిపిస్తే నిశ్చింతగా వెళ్లండి, ఐఎల్‌ఆర్ వస్తే అది అదనపు లాభం. కేవలం ఐఎల్‌ఆర్ కోసమే అయితే, ఇక్కడ స్థిరపడిన ఉద్యోగాన్ని వదులుకోమని నేను చెప్పలేను.

వెళ్లేటట్లయితే ఒక అపాయాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. మీ వీసా ఆ కంపెనీ స్పాన్సర్‌షిప్‌తో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోయినా, విదేశీయులను ఇలా తీసుకోవడానికి కంపెనీకి ఉండే స్పాన్సర్ లైసెన్సు రద్దయినా, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసు వీసా కుదిస్తూ మామూలుగా 60 రోజులు ఇస్తుంది. ఆలోగా మరో స్పాన్సర్‌ను పట్టుకుని కొత్త దరఖాస్తు పెట్టాలి, లేదా కుటుంబంతో సహా బయలుదేరాలి. అప్పుడు యూనివర్సల్ క్రెడిట్ ఆదుకోదు కనుక, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, ముగ్గురి తిరుగు టికెట్ల డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచండి. మీ భార్య డిపెండెంట్ వీసా మీద ఉన్నా దాదాపు ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. రెండో జీతం ఉంటే ఇల్లు గడుస్తుంది, కానీ ఆమె అనుమతి కూడా మీ వీసా మీదే ఆధారపడి ఉంటుందని మరవకండి. లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితాను బ్రిటన్ ప్రభుత్వం బహిరంగంగా ప్రచురిస్తుంది, అందులో మీ కంపెనీ పేరు ఉందో లేదో ఈరోజే చూడండి. వీసా దరఖాస్తుకు కంపెనీ ఇవ్వవలసిన సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని మధ్యవర్తి ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆ మాటలు ఆపేయండి.

ప్రశ్న: నేను బ్రిటన్‌లో వర్క్ వీసా మీద ఉన్నాను. నాన్నగారు పోయాక అమ్మ ఒంటరిగా ఉంటోంది. ఆమెను శాశ్వతంగా నా దగ్గరికి తెచ్చుకోవచ్చునా?

జవాబు: మీ ఆవేదన అర్థమైందమ్మా, అయినా ఉన్నమాట చెప్పక తప్పదు. వర్క్ వీసా మీద ఉన్నవారు తల్లిదండ్రులను డిపెండెంట్లుగా తీసుకెళ్లడానికి వీల్లేదు. మీకు ఐఎల్‌ఆర్ గానీ పౌరసత్వం గానీ వచ్చాక దారి ఉంది, కానీ 2012 జులైలో మార్చిన నిబంధనలు దాన్ని బాగా ఇరుకు చేశాయి. ఆమె రోజువారీ పనులు కూడా స్వయంగా చేసుకోలేని స్థితిలో ఉండాలి, ఆ సంరక్షణ డబ్బు ఖర్చుపెట్టినా స్వదేశంలో దొరకదని రుజువు చేయాలి. ఒంటరితనం ఒక్కటే కారణంగా చూపితే అనుమతి రావడం చాలా అరుదు.

విజిటర్ వీసా మీద ఆమె వచ్చి ఒక్కోసారి ఆరు నెలల వరకు మీతో ఉండవచ్చు. అయితే బీమా లేకుండా తీసుకురావద్దు. ఇంగ్లండ్‌లో జీపీ చూసినందుకు గానీ ఎమర్జెన్సీ విభాగంలో చికిత్స చేసినందుకు గానీ సందర్శకుల నుంచి డబ్బు తీసుకోరు. అక్కడి నుంచి వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి ఎన్‌హెచ్‌ఎస్ సాధారణ ధరకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. 500 పౌండ్లు, అంతకు మించి బాకీ ఉండిపోతే తర్వాతి వీసాను నిరాకరించే అధికారం హోం ఆఫీసుకు ఉంది. మీరే ఆమె దగ్గరికి వెళ్లి ఉండాలనుకుంటే, ఐఎల్‌ఆర్ లెక్క చెడకుండా ఏ 12 నెలల కాలంలోనైనా 180 రోజుల వరకు దేశం బయట ఉండవచ్చు. ప్రతి రాకపోకల తేదీనీ రాసి ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చేస్తానంటున్నాడు. చదువు అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసి అప్పు తీర్చేస్తానంటున్నాడు. ఇది నమ్మదగిన లెక్కేనా?

జవాబు: రెండేళ్లన్న లెక్క పాతబడింది. చదువు తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి, పీహెచ్‌డీ చేసినవారు తప్ప, 18 నెలలే. ఆ వీసాకు కూడా హెల్త్ సర్‌చార్జి ఉంటుంది, అదీ విద్యార్థుల తగ్గింపు లేకుండా ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే డిగ్రీ స్థాయి ఉద్యోగం, స్పాన్సర్ లైసెన్సు ఉన్న యజమాని దొరకాలి. 2025 జులై 22 నుంచి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవారికి 33,400 పౌండ్ల తక్కువ పరిమితి ఉంది గానీ, చాలా ఉద్యోగాలకు ఆ వృత్తికి విడిగా పెట్టిన రేటు కూడా చూస్తారు. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, ఆ సంపాదనతో ఫీజులు తీరవు.

అబ్బాయి ఎంచుకున్న కోర్సు చేసినవారు ఏయే ఉద్యోగాల్లో చేరారో, వారిలో స్పాన్సర్‌షిప్ ఎంతమందికి వచ్చిందో విశ్వవిద్యాలయాన్నే అడగమనండి. ఏజెంటును కాదు, కోర్సు పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురిని నేరుగా అడిగితే ఇంకా మంచిది. అప్పు విషయంలో మాత్రం, అతను చదువు ముగిసిన నెలలోనే తిరిగొచ్చి ఇక్కడి జీతంతో వాయిదాలు కట్టవలసి వస్తుందని అనుకుని లెక్కవేయండి. ఆ వాయిదా మీ ఇంటికి భరించగలిగినదైతే పంపండి. ఇల్లు తాకట్టు పెడితే తప్ప కుదరదనుకుంటే, ఫీజు తక్కువున్న కోర్సు దొరికే వరకు ఒక ఏడాది ఆగమని అబ్బాయికి నచ్చజెప్పండి.